మాంత్రికుడి ప్రేమ... ప్రేమేనా?

మధ్యాహ్నం వంటిల్లు సర్దేసుకుని, కాస్త నడుం వాల్చి ఓ సీరియల్ చదువుకోవడంలోని సుఖం మీకు తెలియనిదా! అందులో మంత్రాలు, దెయ్యాలు కూడా ఉంటే ఇక చెప్పనే అక్కర్లేదు. 1980ల్లో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ చదివి, రాత్రిపూట పెరట్లోకి వెళ్లడానికి జంకినవాళ్లు మనలో ఎందరో!

ఇప్పుడా కథలు ఫోన్లోకి వచ్చేశాయి. స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలెక్కి కాజీపేట వైపు కాలేజీకి వెళ్లే అమ్మాయి కూడా దారిపొడుగునా చదువుకోవచ్చు. అయితే ఒక తేడా వచ్చింది. అప్పటి కథల్లో మాంత్రికుడు విలన్. ఇప్పటి కొన్ని కథల్లో అతనే హీరో! రక్తం తాగే పిశాచమో, శాపం తగిలిన రాజో అమ్మాయిని ఎత్తుకుపోతాడు. గదిలో బంధిస్తాడు, భయపెడతాడు. చివరికి ఆ అమ్మాయి అతణ్ణే ప్రేమిస్తుంది. వీటికి ‘డార్క్ రొమాన్స్’ అని పేరు.

ఇలాంటివి చదవడం తప్పా? కాదండీ. భయాన్ని ఇంట్లో భద్రంగా కూర్చుని రుచి చూడడం మనిషికి ఎప్పుడూ సరదాయే. నచ్చకపోతే పుస్తకం మూసేస్తాం. కానీ కథలో ఉన్న అమ్మాయికి అలా తలుపు తీసుకుని వెళ్లిపోయే వీలుందా? చూడవలసింది అదే!

బాలనాగమ్మ ఏం చేసింది?

మన బాలనాగమ్మ కథనే తీసుకోండి. బుర్రకథగా విన్నాం, సురభి వారి నాటకంగా చూశాం. 1942లో జెమినీ వారు తీసిన సినిమాలో కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ. ఆ మాంత్రికుడు బాలనాగమ్మను కుక్కగా మార్చి తన కోటకు తీసుకుపోతాడు. పెళ్లాడమని వేధిస్తాడు. పారిపోయే దారి లేదు, ఎదిరించే బలం లేదు. అప్పుడామె నోము పట్టానని చెప్పి, అది తీరేదాకా తనను తాకరాదని గడువు పెడుతుంది. ఆ ఒక్క మాట అడ్డం పెట్టుకుని, కొడుకు పెరిగి పెద్దవాడై వచ్చేదాకా నెట్టుకొస్తుంది.

గమనించారా? ఆమె ముఖం మీద ‘నీతో రాను’ అని అరుస్తూ కూర్చోలేదు. ప్రాణం కాపాడుకోవడానికి నెమ్మదిగా మాట్లాడింది. అయినా కథ విన్న ఏ అమ్మమ్మా దాన్ని ‘ఇష్టం’ అనుకోలేదు! చెరలో ఉన్న ఆడది మెత్తగా మాట్లాడితే అది ప్రేమ కాదని, బతకడానికి వేసిన ఎత్తని మన పెద్దవాళ్లకు తెలుసు.

మౌనం అర్ధాంగీకారమా?

పెళ్లిచూపుల దగ్గర సరదాగా వాడే ఈ మాట ఎంత చేటు చేసిందో! మథుర అనే గిరిజన బాలిక కేసులో, ఒంటిమీద గాయాలు లేవన్నది కూడా ఒక కారణంగా చూపి సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను వదిలేసింది. దేశమంతటా మహిళలు ఆందోళన చేశారు. 1983లో చట్టం మారింది. 2013లో ఇంకా స్పష్టం చేశారు. సమ్మతి అంటే మాటతోనో సైగతోనో ఇష్టపూర్వకంగా, అనుమానానికి తావులేకుండా తెలపడం. పెనుగులాడనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఈ మాటే ఉంది.

మరి కథల్లో? 2005లో వచ్చిన ‘ట్విలైట్’ అనే అమెరికన్ నవలలో హీరో పిశాచం. హీరోయిన్ నిద్రపోతుంటే ఆమెకు తెలియకుండా రాత్రిళ్లు గదిలోకి వచ్చి చూస్తూ ఉంటాడు. కోట్లమంది దాన్ని ప్రేమగానే చదివారు. అదే పని మన వీధిలో కుర్రాడు చేస్తే ఊరుకుంటామా?

దెయ్యం కాదు, గాయం

బలవంతానికి గురైన మనసు వెంటనే కుదుటపడదు. నిద్రలో ఉలిక్కిపడడం, చిన్న చప్పుడుకే వణకడం, ‘అప్పుడు నేనెందుకు అరవలేకపోయాను’ అని తనను తానే తిట్టుకోవడం... ఇవన్నీ గాయం గుర్తులు. భయంతో ఒళ్లు కొయ్యబారిపోతే నోరు పెగలదు, అది ఆమె తప్పు కాదు. చాలా కథల్లో మాత్రం హీరో ఒక్కసారి దగ్గరికి తీసుకోగానే గాయం మాయమైపోతుంది!

ఇళ్లల్లో ఇంకో పొరపాటు జరుగుతుంది. పిల్ల మూగబోతే ‘గాలి సోకింది’ అని భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోతారు. ‘చంద్రముఖి’ (2005) సినిమాలో జ్యోతికను పట్టినట్టు కనిపించేది, ఒక రాజు బలవంతంగా తెచ్చుకుని చంపేసిన నర్తకి ఆత్మ. కానీ రజనీకాంత్ పాత్ర మానసిక వైద్యుడు. అది జబ్బని గుర్తుపడతాడు. చివరి చికిత్స సినిమా ఫక్కీలో ఉన్నా, ముందు ఆమె గతం ఏమిటని వెతకడం మాత్రం మెచ్చుకోదగ్గది.

చదివేటప్పుడు ఇవి చూసుకోండి

• ఆమె ‘వద్దు’ అంటే అతను ఆగుతున్నాడా?
• వెళ్లిపోవాలనుకుంటే వెళ్లగలదా? మంత్రం, వశీకరణం, మత్తు మధ్యలో ఉంటే అది ఒప్పుకోలు కాదు.
• జరిగినదానికి ఆమె బాధపడడానికి కథ చోటు ఇస్తోందా, లేక పాటతో, పెళ్లితో సరిపెడుతోందా?
• చేసినదానికి అతను జవాబుదారీ అవుతున్నాడా?

ఇలాంటి నవలలు కొన్నిటికి మొదటి పేజీలోనే ‘ఇందులో బలవంతం ఉంది’ అని హెచ్చరిక వేస్తున్నారు. మంచి పద్ధతి. పాత గాయం ఉన్నవాళ్లు ముందే పక్కన పెట్టేయొచ్చు.

మీ అమ్మాయి అలాంటి కథ చదువుతుంటే ఫోన్ లాక్కోకండి. లాక్కుంటే దుప్పటి కింద చదువుతుంది! పక్కన కూర్చుని ‘ఏం కథ బిడ్డా?’ అని అడగండి. ‘ఆ పిల్లకు అతనంటే నిజంగా ఇష్టమేనంటావా?’ అని మెల్లగా మాట కలపండి. రేపు ఎవడైనా వెంటపడి వేధిస్తుంటే, ఆ మాట మొదట మీకే చెప్పుకుంటుంది.

ఎవరికైనా సాయం కావాలంటే మహిళా హెల్ప్‌లైన్ 181. మనసు బాగోలేకపోతే టెలిమానస్ 14416. ఈ రెండు నంబర్లూ పాలు, గ్యాసు నంబర్ల పక్కనే గోడమీద రాసిపెట్టుకోండి.