బొంతలో దళసరి చోట కుట్టు ఎందుకు చెదురుతుంది?

చలికాలంలో అనంతగిరి కొండల చుట్టూ రాత్రిళ్లు వణికిస్తాయి. పాత చీరలు పొరలుగా పరిచి కుట్టిన బొంత అప్పుడెంత హాయి! పొరల మధ్య చిక్కిన గాలి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు.

మరి చీర అంచులు ఒకదానిమీద ఒకటి పడినచోట కుట్లు ఎందుకు ఎగుడుదిగుడవుతాయి? మనం సూదిని ఏటవాలుగా గుచ్చుతాం. బట్ట ఎంత దళసరిగా ఉంటే, సూది లోపల అంత పక్కకు జరుగుతుంది. పైన కుట్టు చక్కగానే కనిపిస్తుంది. తిప్పి చూస్తే మొన ఎక్కడో తేలి ఉంటుంది.

అందుకే అక్కడ సూదిని నిటారుగా కిందికి గుచ్చి, పూర్తిగా లాగి, మళ్లీ నిటారుగా పైకి తేవాలి. ఒక్కో కుట్టే. దారానికి మైనం రాస్తే రాపిడి తగ్గుతుంది. చీరలు పరిచేటప్పుడే అంచులన్నీ ఒకేచోట పడకుండా జరిపితే ఇంకా మేలు.