మధ్యంతర ఆర్థిక నివేదికలు - అకౌంటింగ్ విధానాలు: బొగ్గు గనుల కంపెనీ ఉదాహరణ

7.0 ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
- మధ్యంతర ఆర్థిక నివేదిక అంటే ఏమిటో వివరించగలుగుతారు.
- అకౌంటింగ్ విధానానికి, అకౌంటింగ్ అంచనాకు మధ్య తేడా చెప్పగలుగుతారు.
- మట్టి తొలగింపు, వేతన ఒప్పందం, గని మూసివేత వంటి అంశాలు ఒక త్రైమాసిక లాభాన్ని ఎలా మారుస్తాయో లెక్క వేయగలుగుతారు.

7.1 విషయ పరిచయం

సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ 1920 డిసెంబరు 23న పబ్లిక్ లిమిటెడ్ కంపెనీగా ఏర్పడింది. ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో ఉంది. వాటాల్లో 51 శాతం తెలంగాణ ప్రభుత్వానివి, 49 శాతం కేంద్ర ప్రభుత్వానివి.

ఈ కంపెనీ లాభం అంకె ఖాతా పుస్తకాలకే పరిమితం కాదు. లాభంలో కొంత శాతాన్ని కార్మికులకు వాటాగా ఇచ్చే పద్ధతి ఇక్కడ ఉంది. 2023-24 సంవత్సరానికి ప్రకటించిన నికర లాభం రూ. 4,701 కోట్లు. ఇందులో రూ. 2,289 కోట్లు పెట్టుబడులకు కేటాయించి, మిగిలిన రూ. 2,412 కోట్లలో 33 శాతం, అంటే సుమారు రూ. 796 కోట్లు, కార్మికుల వాటాగా నిర్ణయించారు. గోదావరిఖనిలోనైనా, మణుగూరులోనైనా ఒక కుటుంబానికి ఎంత వస్తుందన్నది లాభం మీద ఆధారపడుతుంది. ఆ లాభం ఏ విధానాల ప్రకారం లెక్కకట్టారన్నది ఈ భాగంలో మనం తెలుసుకోవలసిన విషయం.

7.2 మధ్యంతర ఆర్థిక నివేదిక

పూర్తి ఆర్థిక సంవత్సరం కంటే తక్కువ కాలానికి, సాధారణంగా మూడు లేదా ఆరు నెలలకు, తయారుచేసే నివేదికను మధ్యంతర ఆర్థిక నివేదిక అంటారు. దీనికి వర్తించే ప్రమాణం ఇండ్ ఏఎస్ 34. దీని ప్రకారం సంక్షిప్త ఆస్తి అప్పుల పట్టీ, లాభనష్టాల నివేదిక, ఈక్విటీ మార్పుల నివేదిక, నగదు ప్రవాహ నివేదిక, ఎంపిక చేసిన వివరణలు ఉండాలి.

ఎవరు ఇవ్వాలో ఈ ప్రమాణం చెప్పదు. ఇస్తే ఎలా ఇవ్వాలో మాత్రమే చెబుతుంది. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కోల్ ఇండియా వంటి కంపెనీలు సెబీ నిబంధనల ప్రకారం మొదటి మూడు త్రైమాసికాల ఫలితాలను, ఒక్కొక్కటి ముగిసిన 45 రోజుల్లోగా ప్రకటించాలి. సింగరేణి వాటాలు రెండు ప్రభుత్వాల చేతిలోనే ఉన్నాయి, మార్కెట్లో చేతులు మారవు. అయినా సంవత్సరం మధ్యలో వేసే లెక్కలు ఏ కంపెనీకైనా అవసరమే. మధ్యంతర డివిడెండు నిర్ణయించడానికి, బ్యాంకు రుణాలకు, యాజమాన్య నియంత్రణకు అవి ఆధారం.

7.3 మూల సూత్రం: ఏడాదికి ఏ విధానమో మూడు నెలలకూ అదే

మధ్యంతర నివేదికలో వార్షిక నివేదికలోని విధానాలనే పాటించాలి. లెక్క సంవత్సరం ఆరంభం నుంచి ఆ తేదీ వరకు వేయాలి. ఖర్చును ముందుగా గుర్తించడం గాని, వాయిదా వేయడం గాని సంవత్సరాంతంలో ఒప్పుకోదగినదైతేనే మధ్యలోనూ ఒప్పుకోవాలి.

ఉదాహరణకు మంచిర్యాల జిల్లా జైపూర్‌లో సింగరేణికి 1,200 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఉంది. ఇలాంటి కేంద్రంలో డిసెంబరులో భారీ మరమ్మతు చేయాలని అనుకున్నారనుకుందాం. ఆ ఖర్చును నాలుగు త్రైమాసికాలకు సమానంగా పంచి, ఏప్రిల్ నుంచే ఏర్పాటు చూపవచ్చా? చూపకూడదు. మరమ్మతు చేయాలన్న ఉద్దేశం బాధ్యత కాదు. అలాగే వర్షాకాలంలో ఓపెన్‌కాస్ట్ గనుల ఉత్పత్తి తగ్గి ఆదాయం పడిపోతే, దాన్ని సరిచేయడానికి ఇతర నెలల ఆదాయాన్ని తెచ్చి కలపకూడదు. తగ్గుదలకు కారణాన్ని వివరణలో చెప్పాలి. పోలికకు ముందు త్రైమాసికాన్ని కాక, గత ఏడాది ఇదే కాలాన్ని తీసుకోవడానికి కారణం కూడా ఇదే.

7.4 మట్టి తొలగింపు ఖర్చు

ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు మీద ఉన్న మట్టిని, రాయిని (ఓబీ) ముందు తొలగించాలి. నేడు తీసిన మట్టి వల్ల రేపు బొగ్గు దొరుకుతుంది. కాబట్టి ఆ ఖర్చంతా నేటిదేనా అన్న ప్రశ్న వస్తుంది. ఇండ్ ఏఎస్ 16 అనుబంధం ప్రకారం మూడు షరతులు తీరితే ఆ ఖర్చులో కొంత భాగాన్ని ఆస్తిగా చూపాలి: భవిష్యత్తులో ప్రయోజనం కలిగే అవకాశం ఉండాలి, ఏ బొగ్గు పొరకు దారి ఏర్పడిందో గుర్తించగలగాలి, ఖర్చును నమ్మకంగా కొలవగలగాలి.

ఊహాత్మక ఉదాహరణ: ఒక గనిలో టన్ను బొగ్గుకు సగటున 5 ఘనపు మీటర్ల మట్టి తీయాలి. వానలు రాకముందు ఏప్రిల్-జూన్‌లో 10 లక్షల టన్నుల బొగ్గు, 60 లక్షల ఘనపు మీటర్ల మట్టి తీశారు. ఘనపు మీటరుకు ఖర్చు రూ. 120.

- మొత్తం ఖర్చు: 60 లక్షలు × 120 = రూ. 72 కోట్లు
- ఈ బొగ్గుకు చెందిన మట్టి: 10 లక్షలు × 5 = 50 లక్షల ఘనపు మీటర్లు, రూ. 60 కోట్లు
- ఆస్తిగా చూపదగినది: 10 లక్షల ఘనపు మీటర్లు, రూ. 12 కోట్లు

మొత్తం ఖర్చును ఆ త్రైమాసికానికే రాస్తే లాభం రూ. 12 కోట్లు తక్కువగా కనిపిస్తుంది. అయితే ఆస్తిగా చూపిన మొత్తం కూడా, తరవాత ఆ పొరలో బొగ్గు తీసే కొద్దీ ఖర్చులోకి వస్తుంది. గని జీవితకాలం మొత్తం లాభం మారదు, ఏ కాలానికి ఎంత అన్నదే మారుతుంది. ఏటా పంచే లాభాల వాటా ఉన్నచోట ఆ తేడా కూడా ముఖ్యమైనదే.

7.5 విధానం వేరు, అంచనా వేరు

లెక్కకు పాటించే నియమం విధానం. ఆ నియమంలో వేసే అంకె అంచనా. మధ్యంతర నివేదికల్లో అంచనాల పాత్ర ఎక్కువ. బొగ్గు నిల్వలను సంవత్సరాంతంలో కొలిచినంత పూర్తిగా మధ్యలో కొలవనవసరం లేదు.

11వ బొగ్గు వేతన ఒప్పందం 2021 జులై 1 నుంచి వర్తిస్తుంది, కాని దానిపై సంతకాలు జరిగింది 2023 మే 20న. మధ్యకాలపు నివేదికల్లో పెరగబోయే వేతనాన్ని అంచనా వేసి ఏర్పాటు చేయవలసి వచ్చింది. ఒక కంపెనీ త్రైమాసికానికి రూ. 10 కోట్ల చొప్పున 7 త్రైమాసికాలకు రూ. 70 కోట్లు ఏర్పాటు చేసిందనుకుందాం. చివరకు అసలు బాధ్యత రూ. 84 కోట్లని తేలితే, తేడా రూ. 14 కోట్లను అంచనా మారిన కాలంలోనే ఖర్చు రాయాలి. పాత త్రైమాసికాలను తిరిగి తెరవకూడదు. విధానం మారితే మాత్రం, సాధారణంగా పాత కాలాల అంకెలను కూడా సవరించి చూపాలి.

7.6 గని మూసివేత

2009 నాటి బొగ్గు మంత్రిత్వ శాఖ మార్గదర్శకాలు మూసివేత ఖర్చును ఓపెన్‌కాస్ట్ గనికి హెక్టారుకు రూ. 6 లక్షలుగా, భూగర్భ గనికి రూ. 1 లక్షగా నిర్ణయించాయి. ఆ ధరల ప్రకారం 500 హెక్టార్ల ఓపెన్‌కాస్ట్ గనికి రూ. 30 కోట్లు అవుతుంది. ఇందుకోసం ఎస్క్రో ఖాతాలో జమచేసిన డబ్బు ఖర్చు కాదు, అది ఆస్తి. మూసివేయవలసిన బాధ్యత వేరుగా, నేటి విలువలో, అప్పుల వైపు కనిపిస్తుంది. కాలం గడిచే కొద్దీ పెరిగే మొత్తాన్ని ప్రతి త్రైమాసికంలో వడ్డీ ఖర్చుగా రాయాలి. విద్యార్థులు ఈ రెండింటినీ ఒకటిగా భావించి పొరపడుతుంటారు.

7.7 సారాంశం

త్రైమాసిక లాభం చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి: విధానాలు గత వార్షిక నివేదికలోవేనా? మట్టి తొలగింపులో ఎంత ఆస్తిగా చూపారు? ఏ అంచనా మారింది? వీటికి జవాబులు లాభం అంకె పక్కన ఉండవు, వివరణల్లో ఉంటాయి.

7.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. భారీ మరమ్మతు ఖర్చును ముందుగానే నాలుగు త్రైమాసికాలకు ఎందుకు పంచకూడదు?
2. 7.4లోని గనిలో జులై-సెప్టెంబరులో 6 లక్షల టన్నుల బొగ్గు, 33 లక్షల ఘనపు మీటర్ల మట్టి తీస్తే, ఘనపు మీటరు ఖర్చు మారకుంటే, ఆస్తిగా చూపదగినది ఎంత? (జవాబు: రూ. 3.6 కోట్లు)
3. వేతన ఒప్పందం ఉదాహరణలో మారింది విధానమా, అంచనానా? కారణం రాయండి.