కలహమునకు మూలము

గౌతమి, వసిష్ఠ అను గోదావరి పాయల నడుమ సముద్రము వఱకు వ్యాపించిన సీమయే కోనసీమ. అమలాపురము, రాజోలు, కొత్తపేట ఇందలి ముఖ్యస్థలములు. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట ముగిసిన పిమ్మట కాలువలు పాఱి, ఈ సీమ వరిచేలతోను కొబ్బరితోటలతోను కలకలలాడెను. ఒకే గోదావరి నీరు త్రాగు ఈ జనులు 2022లో ఒక పేరును గూర్చి కలహించిరి.

ఆ యేడు ఏప్రిల్ 4వ తేదీన కోనసీమ ప్రత్యేక జిల్లా ఆయెను. దానికి డాక్టర్ అంబేద్కర్ పేరు పెట్టవలెనని దళిత సంఘములు కోరెను. మే 18న ప్రభుత్వము అట్లే ప్రతిపాదించి, అభ్యంతరములు తెలుపుటకు ముప్పది దినముల గడువొసగెను. పాత పేరే యుండవలెనని కొందఱు పట్టుబట్టిరి. మే 24న అమలాపురములో వారి ప్రదర్శనము హింసగా మాఱెను. ఒక మంత్రి యింటికిని, ఒక శాసనసభ్యుని యింటికిని నిప్పు పెట్టిరి. ఐనను ఆగస్టులో జిల్లాకు డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా యను పేరు స్థిరపడెను.

పేరు ఎవరి పొలమును హరింపదు, ఎవరి కాలువను ఎండగట్టదు. మఱి యింత ఆగ్రహమేల? దీనికి సమాజశాస్త్రము కొంత సమాధానము చెప్పగలదు. అమెరికాలో తెల్లవారికిని నల్లవారికిని గల వైరమును పరిశీలించి, హెర్బర్ట్ బ్లూమర్ అను పండితుడు 1958లో ఒక సిద్ధాంతము చేసెను. జాతి విద్వేషము ఒక్కొక్కని మనస్సులో పుట్టు కోపము మాత్రమే కాదు. అది తమ వర్గమునకు ఉన్నతస్థానము కలదను భావమునుండి పుట్టును. క్రిందివారని తాము తలచినవారు చదువు వలనను, ఉద్యోగముల వలనను పైకి వచ్చినప్పుడు, తమ స్థానము జాఱిపోవుచున్నదను భయము కలుగును. ఆ భయమే ద్వేషమగును.

జాతి వేఱు, కులము వేఱు. కాని స్థానమును గూర్చిన భయము రెంటికిని సమానమే. కులవ్యవస్థ మెట్లుమెట్లుగా నున్న అసమానతయని అంబేద్కర్ బోధించెను. ప్రతివాడును తన క్రింద మఱియొకడున్నాడని తృప్తిపడును. కావున అందఱును కలసి ఆ నిచ్చెనను తొలగింపరు. అమలాపురములో పాత పేరు కోరినవారందఱును ద్వేషముతో కోరిరనరాదు; సీమపై మమకారముతో కోరినవారును కలరు. ఐనను పేరు గౌరవస్థానమునకు గుర్తు కాగానే వాదము కలహమాయెను.

మఱి కలహము చల్లాఱుటెట్లు? 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో ముజఫర్ షెరీఫ్ అను శాస్త్రజ్ఞుడు ఇరువదియిద్దఱు బాలురను రెండు జట్లుగా విభజించి, పందెములు పెట్టెను. స్వల్పకాలములోనే వారు బద్ధశత్రువులై, ఒకరి జెండా నొకరు తగులబెట్టిరి. కలసి భోజనము చేయించినను వైరము తగ్గలేదు. కాని వారికి వచ్చు నీరు ఆగిపోగా, ఇరుజట్లవారును కలసి ఆ లోపమును వెదకవలసివచ్చెను. ఇట్టి ఉమ్మడి పనులు కొన్ని చేసిన పిమ్మట వారిలో స్నేహము మొలకెత్తెను.

కోనసీమకు ఇట్టి ఉమ్మడి పనులు కొత్తవి కావు. ఆ కలహము జరిగిన రెండు నెలలలోపే, జూలైలో, గోదావరికి పెద్ద వరద వచ్చెను. ధవళేశ్వరమువద్ద సెకనుకు 25 లక్షల ఘనపుటడుగులకు మించిన నీరు సముద్రమువైపు పాఱెను, లంకగ్రామములు మునిగెను. వరద ఎవరి కులమును అడుగదు. గట్టు తెగినచో అందఱి యిండ్లును మునుగును.

కాని ఒక భేదము మఱువరాదు. షెరీఫ్ బాలురు మొదటినుండియు సమానులు. గ్రామములోని జనులు అట్లు కారు. కలసి గట్టు కట్టినవారు మఱునాడు వేర్వేఱు వాడలకు మరలి, పాత హెచ్చుతగ్గులనే పాటించినచో ఆ స్నేహము నిలువదు. సమానగౌరవము, ఉమ్మడి లక్ష్యము కలసిననే సంఘములు దగ్గఱగునని గోర్డన్ ఆల్‌పోర్ట్ కూడ 1954లో వ్రాసెను. ఒకే బల్లపై కూర్చుండి చదువుట, ఒకే పంక్తిని భుజించుట, ఒకరి నొకరు గౌరవముతో పిలుచుట బడిలోనే ఆరంభము కావలెను.