కరిగే మంచూ, చెరువులో కలిసే పూలూ

కళ అంటే నిలిచి ఉండేదన్నది పాత నమ్మకం. శాసనాన్నీ, శిల్పాన్నీ, కావ్యాన్నీ పట్టించుకున్న మన విమర్శ తెల్లవారితే చెరిగిపోయే ముగ్గునూ, చెరువులో కలిసిపోయే బతుకమ్మనూ ‘జానపదం’ అనే గదిలో పెట్టి తలుపు మూసింది. వాటిని చేసేది స్త్రీలు కావడం కూడా ఇందుకొక కారణం. అయితే వాతావరణ మార్పు గురించి జనాన్ని హెచ్చరించడానికి పేరున్న కళాకారులు నేడు ఎన్నుకుంటున్నది ఈ అశాశ్వత రూపాన్నే. దాని బలమేమిటో, లోటేమిటో తేల్చుకోవలసిన అవసరం మనకుంది.

2015 డిసెంబరులో పారిస్‌లో ప్రపంచ వాతావరణ సదస్సు జరుగుతుండగా ఓలఫర్ ఎలియాసన్ అనే కళాకారుడు, మినిక్ రోసింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞునితో కలిసి, గ్రీన్‌లాండ్ మంచుపలక నుంచి విరిగి సముద్రంలో తేలుతున్న 12 మంచుదిమ్మలను తెచ్చి నగర కూడలిలో గడియారం ఆకారంలో పేర్చాడు. పేరు ‘ఐస్ వాచ్’. వాచ్ అంటే గడియారమూ అవును, కనిపెట్టి చూడటమూ అవును. జనం వాటిని తాకారు, చెవి ఆనించి విన్నారు. వేల ఏళ్లనాటి గాలిబుడగలు చిటపటమంటూ విడిపోతాయి. దిమ్మలు కరిగిపోయాయి. ఇక్కడ కరగడమే వస్తువు, కరగడమే రూపం. వస్తురూపాల ఐక్యత గురించి మనం పేజీలకు పేజీలు రాశాం. ఇంత సూటి ఉదాహరణ అరుదు.

కాని ఆ మంచు అంత దూరం రావడానికి ఖర్చయిన ఇంధనం మాటేమిటి? నిర్వాహకుల లెక్క ప్రకారమే దాదాపు 30 టన్నుల బొగ్గుపులుసు వాయువు. డబ్బిచ్చింది ఒక కోటీశ్వరుని ధర్మసంస్థ. ఇంతకన్న పెద్ద లోటు మరొకటుంది. మంచు కరుగుతోందని ఆ దిమ్మ చెబుతుంది. ఎవరి లాభం కోసం కరుగుతోందో చెప్పదు. ‘మానవాళి’ అనే మాట వెనక నేరస్థుడు హాయిగా దాక్కుంటాడు.

ఇప్పుడు బతుకమ్మ దగ్గరికి వద్దాం. శామీర్‌పేట మండలంలోని లాల్‌గడి మలక్‌పేట్ వంటి ఊళ్లకు ఒకవైపు జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు, మరొకవైపు ప్లాట్లుగా చీలిన చేలు. గునుగు చేనుగట్ల మీద కలుపుగా మొలిచేది. తంగేడు బీళ్లలో పూసేది. ఖర్చు లేని కళ అది. బీడు లేఅవుట్ అయ్యాక ఆ పూలనే అంగట్లో కట్టకింత అని కొనాలి. (తంగేడు మన రాష్ట్ర పుష్పం! బతుకమ్మ 2014 నుంచి రాష్ట్ర పండుగ!) ఈ కొరతకు వాతావరణ మార్పే కారణమంటే అది శాస్త్రం కాదు. స్థలాల వ్యాపారమూ, కలుపుమందూ ముందు బోనెక్కాలి.

వాన సంగతి వేరు. భూమి ఒక డిగ్రీ వేడెక్కితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. మోసినదంతా ఒక్కసారి కుమ్మరించే రోజులు పెరుగుతాయి. 2020లో బతుకమ్మ అక్టోబరు 16న మొదలైంది. దానికి మూడురోజుల ముందు, 13న, ఇదే మేడ్చల్ జిల్లా ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన కురిసింది. నాలాల దారిలో కట్టిన ఇళ్లు మునిగాయి. ఆ ఒక్క వానను పూర్తిగా భూతాపానికి అంటగట్టలేం. నాలా పూడ్చిన చేతులను మాత్రం గుర్తుపట్టగలం.

పూలకు కూడా ఈ సంగతి చెప్పే నోరు లేదు. అయితే బతుకమ్మ ఒట్టి పూలకుప్ప కాదు. దాని చుట్టూ పాట ఉంది. పాటలో అత్తిల్లుంది, కరువుంది. తెలంగాణ ఉద్యమకాలంలో రాజకీయమూ చేరింది. పారిస్ మంచుదిమ్మకు లేని సదుపాయం ఇదే: కారకుణ్ణి పేరుపెట్టి పిలవవచ్చు. 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టినప్పుడు చేసింది ఈ పనే.

మన కవులు ఇక్కడే జాగ్రత్తపడాలి. ‘భూతాపం’, ‘కర్బన ఉద్గారాలు’ అని పత్రికాభాషలో పాట కడితే ఒక్క అమ్మ కూడా అందుకోదు. చరణం చప్పట్ల నడకలో ఒదగాలి. ఒకరు అన్నది పదిమంది వెంటనే తిరిగి అనగలగాలి. అందులో వాన పడ్డ తారీఖుండాలి, పూడిన నాలా ఉండాలి, తంగేడు పూసిన బీటి సర్వే నంబరూ, అది ఎవరి పేరుకు మారిందో కూడా ఉండాలి.