ఇంటి మోటారుకు, కూలరుకు కొత్త ప్లగ్గు బిగించుట

గోదావరి నీటిని దేవాదుల పథకము ద్వారా ధర్మసాగర్ జలాశయమునకు ఎక్కించు పెద్ద మోటార్లను చూచుకొనుటకు ఇంజనీర్లున్నారు, సిబ్బంది ఉన్నారు. మీ యింటి తొట్టిలోనికి నీరెక్కించు అర హార్స్‌పవరు మోటారుకు మాత్రము మీరే ఇంజనీరు, మీరే సిబ్బంది. దాని ప్లగ్గు పగిలినచో, ఈ పూటకు గడచిన చాలునని తీగల కొనలను సాకెట్టు రంధ్రములలో పెట్టి అగ్గిపుల్లలు దోపువారు ఇప్పటికిని ఉన్నారు. తడి చేయి ఆ తీగకు తగిలినచో మరు పూట ఉండకపోవచ్చును.

ప్లగ్గు కొనునప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు చూడుడు. వస్తువుపై వ్రాసిన వాట్లను 230 తో భాగించినచో అది ఎన్ని ఆంపియర్లు లాగునో తెలియును. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె సుమారు నాలుగున్నర ఆంపియర్లు లాగును. దానికి 6 ఆంపియర్ల ప్లగ్గు చాలును. 2000 వాట్ల నీళ్ళ హీటరు దాదాపు తొమ్మిది లాగును గనుక 16 ఆంపియర్లది కావలెను. మోటారు కదలునప్పుడు క్షణకాలము మామూలుకంటె అనేక రెట్లు లాగును. దానికి కూడ పెద్ద ప్లగ్గే మేలని మా సలహా.

పని మొదలుపెట్టుటకు ముందు ప్లగ్గును సాకెట్టు నుండి పూర్తిగా పీకి వేయవలెను. స్విచ్చి కట్టినంత మాత్రమున చాలదు. వైరింగు చేసినవాడు స్విచ్చిని పొరపాటున న్యూట్రలు తీగకు పెట్టియుండినచో, స్విచ్చి కట్టిన తరువాత కూడ ఫేజు అక్కడనే ఉండును.

కాలిన తీగ కొనను మంచి రాగి కనిపించువరకు కత్తిరించి, పైతొడుగును రెండంగుళముల మేర తీయుడు. పండ్లతో తొక్క లాగు అలవాటు మానుకొనుడు. దానివలన సన్నని పోగులు తెగి, మిగిలినవి వేడెక్కును. లోపల మూడు తీగలుండును. పాత రకములో ఎఱుపు ఫేజు, నలుపు న్యూట్రలు, పచ్చ ఎర్తు. కొత్త రకములో గోధుమ రంగు ఫేజు, నీలము న్యూట్రలు, పచ్చ పసుపు చారలది ఎర్తు. ప్లగ్గు లోపల ఎల్ అను అక్షరము వద్ద ఫేజు, ఎన్ వద్ద న్యూట్రలు, ఈ వద్ద ఎర్తు రావలెను. అక్షరములు లేనిచో, పిన్నులు మీకు అవతలి వైపునకు, లావుపాటి పిన్ను పైకి ఉండునట్లు పట్టుకొనుడు. కుడిచేతి వైపుది ఫేజు.

పోగులను మెలిపెట్టి, మర బిగియు దిశలోనే చుట్టి బిగింపుడు. ఒక్క పోగు బయటకు వచ్చినను ప్రక్క తీగకు తగులును. ఎర్తు తీగను మిగిలిన రెంటికంటె కొంచెము పొడవుగా ఉంచుడు. ఎవరైన తీగ పట్టి లాగినచో అన్నిటికంటె చివర ఊడవలసినది అదియే. కడపట, తీగను పట్టియుంచు బద్దె పైతొడుగు మీదనే బిగియవలెను. లోపలి తీగలమీద కాదు.

ఆ లావుపాటి పిన్నును గూర్చి ఒక మాట. అది మిగిలిన రెంటికంటె పొడవు గనుక ముందుగా తగులును, చివర వదలును. సాకెట్టులో పట్టుటలేదని దానిని కోసివేయుట, ఇనుప కూలరుకు రెండు పిన్నుల ప్లగ్గు పెట్టుట, రెండును ప్రాణముతో చెలగాటమే. కూలరు తీగలో రెండే తీగలున్నచో మూడు తీగలది వేయింపుడు. ఇంటి ఎర్తు గుంట ఎండియున్నచో ఎంత మంచి ప్లగ్గయినను రక్షింపదు. వేసవిలో దానిలో నీరు పోయుచుండుడు.

పాత ప్లగ్గు నల్లబడి యుండినచో దోషము తరచుగా సాకెట్టులోనే ఉండును. వదులైన సాకెట్టును ఉంచి ప్లగ్గు మాత్రమే మార్చినచో కొత్తది కూడ కాలును. సాకెట్టు పని ఎలక్ట్రీషియనుకే వదలుడు.

బిగించిన పిమ్మట, కాళ్ళకు చెప్పులతో, పొడి చేతులతో వేసి చూడుడు. ఇనుప భాగమునకు టెస్టరు ఆనించినప్పుడు దీపము వెలిగినచో వెంటనే కట్టి, ప్లగ్గు తీసివేయుడు. ఎవరికైన షాకు తగిలినచో వారిని ముట్టుకొనక మెయిను కట్టి, లేదా ఎండు కర్రతో తీగను తొలగించి, 108కి ఫోను చేయుడు.

గ్రామాధికారులు పంచాయతీ కార్యాలయములో, బడిలో, అంగన్‌వాడీలో మెయిను బోర్డు వద్ద 30 మిల్లీ ఆంపియర్లకే కరెంటు ఆపు ఆర్.సి.సి.బి. ఉన్నదో లేదో చూడవలెను. ఉన్నచో దానిపైని పరీక్ష మీటను నెలకొకసారి నొక్కుడు. అప్పుడు అది పడిపోవలెను.