ప్రాణరక్షణలో తొలి నిమిషాలే కీలకం : ప్రతి ఒక్కరికీ సి.పి.ఆర్. శిక్షణ అవసరం

బస్టాండులోనో, కార్యాలయంలోనో ఒక వ్యక్తి ఉన్నట్టుండి కుప్పకూలినపుడు చుట్టూ జనం గుమిగూడడం, ముఖాన నీళ్ళు చల్లడం, చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఆటో కోసం పరుగెత్తడం సాధారణంగా కనిపించే దృశ్యం. ఆ వ్యక్తి గుండె ఆగిపోయి ఉంటే ఇవేవీ ప్రాణం నిలపజాలవు. అపుడు అక్కరకు వచ్చేది సి.పి.ఆర్. (కార్డియో పల్మనరీ రిససిటేషన్) ఒక్కటే.

గుండెపోటు, గుండె ఆగిపోవడం ఒకటి కావు. రక్తనాళం పూడుకుపోయి గుండె కండరానికి రక్తం అందకపోవడం గుండెపోటు. ఈ స్థితిలో రోగి సాధారణంగా స్పృహలోనే ఉంటాడు. అతనిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి గాని సి.పి.ఆర్. చేయరాదు. గుండె కొట్టుకోవడమే నిలిచిపోతే అది కార్డియాక్ అరెస్ట్. రోగి క్షణాలలో స్పృహ కోల్పోతాడు, శ్వాస ఆగిపోతుంది. గుండెపోటు కూడా ఈ స్థితికి దారితీయవచ్చు.

గుండె ఆగిన సుమారు నాలుగు నిమిషాల నుండి మెదడు దెబ్బతినడం ఆరంభమవుతుంది. సి.పి.ఆర్. లేకుండా గడిచే ప్రతి నిమిషానికి బ్రతికే అవకాశం 7 నుండి 10 శాతం మేర తగ్గుతుందని వైద్య నిపుణులు పేర్కొంటున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 అంబులెన్సు సేవలు నేడు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ అందుబాటులో ఉన్నాయి. అయితే ఎంత వేగంగా వచ్చే వాహనానికైనా కొంత సమయం పట్టక తప్పదు. ఆ వ్యవధిలో రోగి ప్రాణం పక్కనున్నవారి చేతులలోనే ఉంటుంది.

చేయవలసిన విధానం

పడిపోయిన వ్యక్తిని భుజం తట్టి పిలవాలి. పలుకక, శ్వాస లేకున్నా, ఆగి ఆగి ఎగశ్వాస మాత్రమే ఉన్నా వెంటనే 108కు ఫోన్ చేయాలి. రోగిని గట్టి నేలపై వెల్లకిల పడుకోబెట్టాలి. ఛాతీ నడుమ ఒక అరచేతి మడమను ఉంచి, దానిపై రెండవ చేతిని వేసి, మోచేతులు వంచకుండా 5 నుండి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. నిమిషానికి 100 నుండి 120 సార్లు నొక్కుతూ, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. శిక్షణ పొందినవారు 30 నొక్కుళ్ళకు 2 సార్లు నోటి ద్వారా శ్వాస అందించవచ్చు. శిక్షణ లేనివారు ఛాతీని ఎడతెగక నొక్కినా చాలు. అలసట రాకుండా రెండు నిమిషాలకొకసారి మనిషి మారడం మంచిది. రోగిలో కదలిక వచ్చేవరకు లేదా అంబులెన్సు సిబ్బంది చేరుకునేవరకు ఆపరాదు. ఇవి పెద్దలకు వర్తించే కొలతలు. పసిపిల్లల విషయంలో, నీట మునిగినవారి విషయంలో శ్వాస అందించడం మరింత ముఖ్యం.

హైదరాబాదు ఆరాంఘర్ వద్ద 2023 ఫిబ్రవరిలో కుప్పకూలిన వ్యక్తికి విధులలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబుల్ సి.పి.ఆర్. చేసి ప్రాణం నిలిపారు. ఆయన వైద్యుడు కాదు. పద్ధతి తెలిసి, తటపటాయించక ముందుకు వచ్చిన ఉద్యోగి మాత్రమే.

బొమ్మపై ఒకసారి సాధన చేసినవారి చేతులు ఆపదవేళ వెనుకాడవు. ప్రతి కార్యాలయంలో, పాఠశాలలో, బస్సు డిపోలో కొందరికైనా ఈ శిక్షణ ఉన్ననాడు, అంబులెన్సు వచ్చేలోగా ఆరిపోతున్న ప్రాణాలు కొన్నైనా నిలుస్తాయి.