క్రైస్తవ విశ్వాసము ఆధారముగా స్వతంత్ర కౌన్సెలింగు కేంద్రము: బళ్ళారి తెలుగువారి దృష్టితో

దుఃఖితులను ఆదరించుట క్రైస్తవ సంఘమునకు తొలినుండియు విధ్యుక్తమైన పని. అయినను, తగిన విద్య నభ్యసించి, సంఘమునకు వెలుపల ఒక గది తీసికొని, వేళ నిర్ణయించి, రుసుము గ్రహించి, కష్టములో నున్నవారి మాట వినుట యను స్వతంత్రవృత్తి మన ప్రాంతములలో క్రొత్తది. దీనిని కౌన్సెలింగు అందురు. విశ్వాసమే ప్రేరణముగా ఈ వృత్తిని చేపట్టదలచినవారు దాని నెట్లు ప్రారంభింపవలెను, ఏ హద్దులను పాటింపవలెను అను విషయము ఇచట వివరింపబడుచున్నది. తెలుగువారు తరతరములుగా నివసించుచున్న బళ్ళారి ఉదాహరణముగా గ్రహింపబడినది.

1953 అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమున చేరగా, బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరెను. రాష్ట్రము మారినను ఇండ్లలోని భాష మారలేదు. నేటికిని అచ్చట పెక్కు కుటుంబములు కచేరిలో కన్నడమును, ఇంట తెలుగును మాటలాడుచున్నవి. ఆ పట్టణమున క్రైస్తవసేవయు ప్రాచీనమైనదే. లండను మిషనరీ సంఘమువాడైన జాన్ హ్యాండ్సు 1810లోనే అచ్చట పని ప్రారంభించెను. మానసికారోగ్య చరిత్రలో సైతము బళ్ళారికి స్థానము కలదు. బెంగుళూరులోని నిమ్హాన్సు సంస్థ 1980 దశకములో ఈ జిల్లాలోని ప్రాథమిక వైద్యులకును, ఆరోగ్యకార్యకర్తలకును శిక్షణ నిచ్చి, మానసిక వ్యాధుల చికిత్సను పల్లెల కందించు పద్ధతిని పరీక్షించెను. 1996లో ప్రారంభమైన జిల్లా మానసికారోగ్య కార్యక్రమమునకు ఈ ‘బళ్ళారి నమూనా’యే మాతృక.

అయితే ప్రతి దుఃఖమును వ్యాధి కాదు. భర్త త్రాగుడు, దంపతుల కలహము, పరీక్ష తప్పిన బాలుని నిరాశ, ఆప్తుల మరణము మున్నగు కష్టములకు మాత్ర లేదు. ఇట్టివారు మొదట సంఘకాపరి యొద్దకే పోవుదురు. కాని అల్పసంఖ్యాకుల సంఘము చిన్నది. అందు కాపరియే పెండ్లి సంబంధములు చూచును. పాఠశాల సంఘములో సభ్యుడుగా నుండును. పెక్కుసార్లు బంధువు కూడ నగును. శనివారము రాత్రి దెబ్బలు తిన్న స్త్రీ ఆదివారము ఆ భర్త ప్రక్కనే కూర్చుండవలెను. ఆమె తన గోడు కాపరితో చెప్పిన, అది ఎవరి చెవిని పడునో యను భయము సహజము. స్వతంత్ర కేంద్రము అవసరమగుటకు ముఖ్యకారణ మిదియే. అది సంఘముతో పోటీకి గాక, సంఘమున చెప్పుకొనరాని మాటకు చోటు కల్పించుటకు ఏర్పడవలెను.

ఈ వృత్తికిని క్రైస్తవ విద్యకును సంబంధము పాతదే. అంటన్ బోయిజన్ అను అమెరికా మతబోధకుడు తానే మానసిక వ్యాధికి లోనై చికిత్స పొందినవాడు. ఆయన 1925లో మసాచుసెట్స్ రాష్ట్రములోని వూస్టరు మానసిక వైద్యాలయమున దైవశాస్త్ర విద్యార్థులకు రోగుల నడుమ శిక్షణ నిచ్చుట ప్రారంభించెను. కార్ల్ రోజర్సు దైవశాస్త్రము చదువ నారంభించి పిదప మనశ్శాస్త్రమునకు మరలెను. 1942లో ప్రకటించిన గ్రంథమున ఆయన ఆజ్ఞాపించుట, హితబోధ చేయుట కంటె శ్రద్ధతో వినుటకే ప్రాధాన్యము నొసగెను. యోబు కథ యెరిగినవారికి ఇది వింత కాదు. ఆయన మిత్రులు మువ్వురును ఏడు దినములు మౌనముగా ప్రక్కన కూర్చుండిరి. వారు చేసిన మేలు అదియే. నోరు తెరచి కారణములు చెప్పనారంభించిన పిదప వారు ఆయనకు భారమైరి.

కనుక విశ్వాసము ప్రథమముగా కౌన్సెలరు నడవడిని దిద్దవలెను. ప్రార్థనగాని, వాక్యపఠనముగాని వచ్చినవారు కోరిననే జరుగవలెను. కేంద్రము క్రైస్తవ దృష్టి గలదని మొదటనే తెలుపుట న్యాయము. అన్యమతస్థులు వచ్చిన వారి దుఃఖమును మతబోధకు అవకాశముగా వాడుకొనుట ద్రోహము. నిద్రపట్టనివానికి విశ్వాసము చాలలేదని చెప్పుటయు, చిత్తవ్యాధిని దయ్యమని నిర్ణయించుటయు మహాపరాధములు.

దైవశాస్త్ర పట్టము మాత్రమే ఈ పనికి చాలదు. మనశ్శాస్త్రమునగాని, కౌన్సెలింగునగాని ఉన్నతవిద్యయు, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో అభ్యాసమును ఉండవలెను. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయుటకు 1992 నాటి భారత పునరావాస మండలి చట్టము ప్రకారము నమోదు కావలెను. ఆ నమోదు లేనివారు ఆ పేరు పెట్టుకొనరాదు. 2021 నాటి అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టము కొన్ని తరగతుల కౌన్సెలర్లను కూడ తన పరిధిలోనికి తెచ్చినది. మందులు వ్రాయుట వైద్యుల పని.

గది చర్చి ఆవరణమున నుండరాదు. లోపలి మాట బయటకు వినబడరాదు. ఒకరు పోవు వేళకును మరియొకరు వచ్చు వేళకును వ్యవధి యుండవలెను. భాషయు ముఖ్యము. బళ్ళారి తెలుగువాడు “బేజారు” అన్నప్పుడు అది విసుగో, దుఃఖమో, కన్నడ వాడుకలోని మనస్తాపమో నిదానముగా అడిగి తెలిసికొనవలెను. చదువు కన్నడమున సాగినవాడైనను ఏడ్చునపుడు తల్లిభాషనే మాటలాడును.

గోప్యతకు గల మినహాయింపులను తొలిదినముననే చెప్పి, వ్రాతమూలముగా అంగీకారము గైకొనవలెను. ప్రాణాపాయము కలిగినపుడు తగినవారికి తెలుపక తప్పదు. బాలలపై లైంగిక నేరము జరిగినట్లు తెలిసిన, పోక్సో అని వ్యవహరింపబడు 2012 నాటి చట్టము ప్రకారము పోలీసులకు తెలియజేయుట విధి. గృహహింసకు గురియైన స్త్రీని సహనము పేరిట వెనుకకు పంపరాదు. 2005 నాటి చట్టము ఆమెకు రక్షణాధికారి సహాయమును కల్పించినది. ఈ మూడింటికి వెలుపల సంఘ పెద్దలడిగినను, కాపరి యడిగినను నోరు మెదపరాదు.

రుసుము విషయమున సంకోచము కలుగుట సహజము. సేవకు వెల యేమిటని సంఘస్థులందురు. మంచి సమరయుని కథను జ్ఞాపకము చేసికొనవలెను. ఆయన గాయములు కట్టి, క్షతగాత్రుని పూటకూళ్ళ యింటికి చేర్చి, యజమానికి సొమ్ము చెల్లించెను. పూటకూళ్ళ యజమాని వేతనము గ్రహించుట తప్పుగా చెప్పబడలేదు. బీదలకు తగ్గించి, శక్తిగలవారివద్ద నిర్ణీతముగా గ్రహించుట ధర్మము. ఆ కథలో మరియొక పాఠము కలదు. సమరయుడు సమస్తమును తానే చేయలేదు, తగినచోటికి చేర్చెను. తీవ్ర వ్యాధి లక్షణములు కనబడిన జిల్లా ఆసుపత్రికి పంపవలెను. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ సేవయొక్క 14416 సంఖ్యను గదిలో అందరికి కనబడునట్లు వ్రాసి యుంచవలెను.

పలక కట్టిన దినముననే ఇట్టి కేంద్రము ప్రారంభమైనదనుకొనరాదు. తొలుత వచ్చిన స్త్రీ ఏడాది గడచినను తన మాట వీధిలో వినక, తన చెల్లెలిని వెంటబెట్టుకొని వచ్చిన దినమున అది నిలదొక్కుకొన్నదని చెప్పవచ్చును.